తగాదాలకు కేటాయించిన స్థలం

మా మునగపాలెం పురపాలక సంఘానికి మంచి ఆలోచన రావడం అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఊరంతా జాగ్రత్తగా ఉండాలి. కిందటిసారి వచ్చినప్పుడు మార్కెట్లో దీపాలకు ఎర్రరంగు వేయించారు, అందంగా ఉంటుందని. ఆ దీపాల కింద టమాటాలు కొన్నవాళ్లు ఇంటికి వెళ్లి చూసుకుంటే అన్నీ పచ్చికాయలే.

ఈసారి ఆలోచన పైనుంచి వచ్చింది. దేశంలోకెల్లా ప్రశాంతమైన పట్టణానికి ఒక కప్పు ఇస్తారట. ఒక పరిశీలక బృందం ఊరూరా తిరిగి చప్పుడు ఎంతుందో చూస్తుందట. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మా కమిషనర్ గారికి నిద్ర లేదు. ఆయన గది ముందు తుమ్మిన ప్యూనుకి మెమో ఇచ్చారు.

నేను ఆ సంఘంలో జూనియర్ అసిస్టెంటుని. పేరు పూర్ణయ్య. కౌన్సిల్ సమావేశాల్లో ఎవరేమన్నారో రాయడం నా పని. అందరూ ఒక్కసారే మాట్లాడతారు కాబట్టి నేను ముందే రాసుకుని వెళ్తాను. ఇన్నేళ్లలో ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ రోజు ఎజెండాలో ఒకటే అంశం. న్యూసెన్సుల నివారణ, వాటి జోనింగ్. ప్రతిపాదించినవారు మా వార్డు కౌన్సిలరు పిచ్చేశ్వర్రావు గారు. ఆయనకి ప్రశాంతత మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో మా వీధిలో అందరికీ తెలుసు, అందువల్ల ఆ కథ ముందు చెప్పాలి.

పిచ్చేశ్వర్రావు గారు ఇంటి మీద మేడ కట్టించారు. గచ్చు చేయించారు, రంగులు వేయించారు, మేడమీద పడుకోవడానికి పందిరిమంచం కూడా తాళ్లతో పైకి లాగించారు. అప్పుడు గుర్తొచ్చింది, మెట్లు కట్టలేదని. కట్టిద్దామని కూర్చున్నారు. వాస్తు చూసే సిద్ధాంతి గారు ఏ మూల చూపించినా వద్దన్నారు. ఈశాన్యంలో కడితే డబ్బు పోతుంది, నైరుతిలో కడితే పరువు పోతుంది, ఆగ్నేయంలో కడితే భార్య పుట్టింటికి పోతుంది. అలా జరుగుతూ జరుగుతూ మెట్లు ఇంట్లోంచి బయటికి వచ్చేశాయి. చివరికి శాస్త్రం ఒప్పుకున్న ఏకైక చోటు ఆ ఇంటి పక్కనున్న సందు. సందు పురపాలక సంఘానిది. శాస్త్రానికి ఆ సంగతి తెలియదు.

సందుకి అవతల తిరపతమ్మ ఇల్లు. ఆవిడ మిషను కుడుతుంది. ఇంటికి ఉన్నది ఒకే కిటికీ, అది సందులోకే తెరుచుకుంటుంది. మిషను ఆ కిటికీ కిందే ఉంటుంది. మెట్లు లేస్తే కిటికీ మూసుకుపోతుంది. కిటికీ మూసుకుపోతే సూదిలో దారం కనపడదు. ఆవిడకి ఇంకో ఇల్లు లేదు, ఇంకో పనీ రాదు.

తిరపతమ్మ దగ్గర కోర్టుకి వెళ్లేంత లేదు. గొంతు ఉంది. అది మామూలు గొంతు కాదు. మా వీధిలో మొదలైతే కూరగాయల మార్కెట్లో వంకాయలు తూచే ఆవిడ తూకం ఆపి వింటుంది. రోజూ తెల్లారి మేస్త్రి ఏసుపాదం తాపీ పట్టుకోగానే తిరపతమ్మ గుమ్మంలోకి వచ్చేది. వీధి వీధంతా బ్రష్షులు, వేపపుల్లలు నోట్లో పెట్టుకుని బయటికి వచ్చేది. ఏసుపాదం మర్యాదస్తుడు, ఆడమనిషి అరుస్తుంటే ఇటుక పెట్టడు. కిందకి దిగి బీడీ వెలిగించేవాడు. పిచ్చేశ్వర్రావు గారికి చట్టమన్నా భయం లేదు, దేవుడన్నా భయం లేదు. వీధి చూస్తోందంటే మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేవారు. అలా మెట్లు మోకాలెత్తున లేచి ఆగిపోయాయి. మనిషేమో నిచ్చెన వేసుకుని మేడ మీదికి పోయి పడుకుంటున్నారు.

అదీ ఆయనకు ప్రశాంతత మీద ప్రేమ కలిగిన విధం. ఇక సమావేశానికి వద్దాం.

కమిషనర్ గారు లేచి గొంతు సవరించుకున్నారు. "గౌరవ సభ్యులారా, పట్టణ ప్రజల శ్రవణేంద్రియాలపై నానాటికీ పెరిగిపోతున్న అనధికార ఆక్రమణలను తొలగించవలసిన సమయం ఆసన్నమైనది. మన పట్టణములోని మొత్తము శబ్దములో సింహభాగము తగాదాల వల్లనే ఉత్పన్నమగుచున్నట్లు ప్రాథమిక పరిశీలనలో తేలినది. తగాదాను నిషేధించు అధికారము మనకు లేదు. అయితే దానికి స్థలము కేటాయించు అధికారము ఉన్నది."

"అంటే తగాదా పడాలంటే ఆడికి పోవాలా?" అన్నారు ప్రతిపక్షం మస్తాన్ గారు.

"అవును. నివాస మండలములో తగాదా న్యూసెన్సు. తగాదా మండలములో అదే తగాదా ఒక పౌరసేవ."

"మరి మొగుడూ పెళ్లాల సంగతేందండీ?"

"అది కుటీర పరిశ్రమ కిందకి వచ్చును. తలుపులు మూసుకొని, ప్రహరీ దాటని ధ్వనితో, సొంత వినియోగమునకు మాత్రమే."

"అత్తాకోడళ్లు?"

దీనికి చైర్మన్ సోమలింగం గారు జవాబిచ్చారు. ఆయన ఎప్పుడూ నిద్రలోంచి మాట్లాడినట్టే మాట్లాడతారు. "అది భారీ పరిశ్రమ. ఊరి బయటే."

ఊరి బయట పాత పశువుల సంత ఖాళీగా ఉంది. అదే తగాదా మండలంగా ఖాయమైంది. తర్వాత తగాదా అంటే ఏమిటో నిర్వచించాలి. దాని మీద పెద్ద తగాదా జరిగింది. చివరికి కమిషనర్ గారు స్వయంగా రాసి చదివారు: "ఒకరి మాట పూర్తికాకముందే, ఆ గొంతు వినపడు దూరములోనున్న మరొకరు మాట కలుపుట తగాదా అనబడును."

మునగపాలెంలో ఇంతవరకూ ఎవరి మాటా పూర్తికాగా నేను చూడలేదు. పూర్తికావాలని ఎవరూ ఆశించరు కూడా. మనిషి సగం చెప్పగానే మిగతా సగం ఎదుటివాడికి తెలిసిపోతుంది, వాడు తన సగం మొదలుపెడతాడు. ఆ లెక్కన ఊళ్లో "అన్నం తిన్నావా" అని అడగడం కూడా తగాదాయే. ఈ మాట నేను అనబోయాను. జూనియర్ అసిస్టెంట్లకు మాట్లాడే హక్కు లేదు.

పిచ్చేశ్వర్రావు గారు లేచి ఇంకో వాక్యం చేర్చాలన్నారు. ఈ నిబంధన మీరిన కౌన్సిలరుకి పదవి పోవాలట. "మనం ముందు ఆదర్శంగా ఉండాలి గదా అధ్యక్షా," అన్నారు మస్తాన్ గారి వైపు చూస్తూ. ప్రతి సమావేశంలోనూ మాటకి మాట అడ్డం పడేది మస్తాన్ గారే. అందరూ బల్లలు చరిచారు. తీర్మానం ఏకగ్రీవంగా, అందరూ ఒక్కసారే మాట్లాడుతుండగా, ఆమోదం పొందింది.

ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. సంతలో ఎడ్లను కట్టే గాట్లకు సున్నం వేసి, గాటుకో బోర్డు పెట్టారు. గోడ తగాదాలు, వియ్యంకుల తగాదాలు, రాజకీయ తగాదాలు, ఇతరములు. లాంఛనంగా తొలి తగాదాను చైర్మన్ గారు, కమిషనర్ గారు పడాలని కార్యక్రమంలో ఉంది. ఇద్దరూ వేదిక మీద ఎదురెదురుగా నిలబడ్డారు.

"తమరు ప్రారంభించండి," అన్నారు కమిషనర్ గారు.

"అబ్బే, మీరుండగా నేనా," అన్నారు చైర్మన్ గారు.

"లేదండీ, ప్రథమ పౌరులు తమరు."

"అట్లాగయితే శిలాఫలకం మీద మీ పేరు పైనెందుకుంది?"

కమిషనర్ గారు కార్యక్రమం కాగితం తీసి చూపించారు. "అది ప్రోటోకాల్."

"నా ఊళ్లో నా పేరు కింద చెక్కించడం ప్రోటోకాలా? చదువుకున్నోడివని ఊరుకుంటుంటే..."

ఆ తర్వాత జరిగినదాన్ని జనం చాలా మెచ్చుకున్నారు. లాంఛనమని అనుకున్నది భోజనాల దాకా సాగింది. ఇద్దర్నీ విడదీసి చెరో జీపులో పంపించాం.

మర్నాటి నుంచి ఆ మండలానికి నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. నా కష్టం పగవాడికి కూడా వద్దు. తగాదా పడదలచినవాళ్లు ఇద్దరూ కలిసి రావాలి, టోకెను తీసుకోవాలి, వంతు కోసం కూర్చోవాలి. ఊరి నుంచి సంతకి ఉన్నది ఒకటే బస్సు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒక్కోసారి ఒకే సీట్లో వచ్చేవారు. దారిలో ఎండ గురించి ఒకరు అనేవారు, అవునని ఇంకొకరు అనేవారు. వచ్చి చెట్టుకింద కూర్చుని టీ తాగేసరికి ఒకరి మోకాళ్ల నొప్పికి ఇంకొకరు మందు చెబుతుండేవారు. టోకెను పిలిచేసరికి కోపం చల్లారిపోయేది.

ఇది ఊరికి మంచిదే కదా అనుకున్నాను. కమిషనర్ గారు అలా అనుకోలేదు. "తగాదా మండల వినియోగము ఆశించిన స్థాయిలో లేకపోవడము మీ అసమర్థతను సూచించుచున్నది," అని మెమో వచ్చింది. పరిశీలక బృందానికి చూపించాలంటే గాట్లన్నీ నిండుగా ఉండాలట. ఊరు ప్రశాంతంగా ఉందనడానికి రుజువు, తగాదాలన్నీ ఇక్కడ ఉండటమే.

దాంతో నేను వచ్చినవాళ్ల కాళ్లావేళ్లా పడేవాణ్ని. ఒక రోజు గోడ తగాదాకి వచ్చిన ఇద్దరు ముసలాళ్లు రాజీపడి లేచి పోతుంటే అడ్డం పడ్డాను.

"బాబాయ్, ఇంత దూరం వచ్చినందుకన్నా రెండు మాటలు అనుకుని పోండి. నా ఉద్యోగం పోద్ది."

"ఇప్పుడు ఏమనుకుంటాం అబ్బాయ్, అంతా అయిపోయింది గదా," అన్నాడు పెద్దాయన.

"ఆయన మీ నాన్న గురించి ఏమన్నాడో గుర్తు తెచ్చుకోండి."

పెద్దాయన ఆలోచించాడు. "ఏమన్నావురా?"

"తాగుబోతన్నా," అన్నాడు రెండో ఆయన.

"నిజమేగా మరి," అన్నాడు పెద్దాయన, ఇద్దరూ నవ్వుకుంటూ బస్సెక్కారు. ఆ పూట రిజిస్టర్లో వినియోగం అన్న గడిలో సున్నా వేశాను.

తిరపతమ్మ వచ్చిన రోజు మాత్రం నాకు ఆశ కలిగింది. ఇంట్లోంచి అరిస్తే శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి నోటీసిచ్చి పోయాడట. కాబట్టి పని మానుకుని సంతకి వచ్చింది. పిచ్చేశ్వర్రావు గారు రాలేదు. ప్రజాప్రతినిధులకి తీరిక ఉండదు కాబట్టి తరఫు మనిషిని పంపించవచ్చని నిబంధన ఉంది. ఆయన పంపిన మనిషి లోకంలోకెల్లా మెత్తనివాడు.

"సందు నీ అబ్బ సొత్తా?" అని మొదలుపెట్టింది తిరపతమ్మ.

"కాదమ్మా," అన్నాడతను.

"నా కిటికీకి అడ్డం కడతారా?"

"తప్పేనమ్మా. చాలా తప్పు."

"నేను ఎట్టా బతకాల?"

"అదే నేనూ అనుకుంటన్నానమ్మా. వింటంటే కడుపు తరుక్కుపోతంది."

ఒప్పుకునేవాడితో ఎంతసేపు తగాదా పడతారు? తిరపతమ్మ సున్నం వేసిన గాట్ల వైపు తిరిగి కాసేపు అరిచింది. ఆ గొంతు ఖాళీ సంతలో తిరిగి తిరిగి ఎవరికీ పనికిరాకుండా పోయింది. సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్లి చూసుకుంటే మెట్లు కిటికీ అంచు దాకా లేచి ఉన్నాయి. ఏసుపాదానికి ఆ రోజు బీడీ తాగే అవకాశమే రాలేదు.

మర్నాడు ఆవిడ మళ్లీ నా దగ్గరికి వచ్చింది, టోకెను కోసం కాదు.

"ఏమయ్యా పూర్ణయ్యా, చదువుకున్నోళ్లు గదా మీరంతా. నేను అరిచేది ఆయన వినాలనా? ఆయన వినడని నాకు తెలవదా? వీధి వినాలని అరుస్తా. మొహం మీద నలుగురి చూపు పడితేనన్నా సిగ్గొస్తదని. ఆ నలుగురినీ ఆడ వదిలేసి నన్నొక్కదాన్నే ఈడికి తోలితే నేను ఎవరికి చెప్పుకోవాల? ఈ గుంజలకా?"

నాకు చాలా బాధేసింది. ఇది కమిషనర్ గారికి రాతపూర్వకంగా సమర్పించుకోవలసిందిగా సూచించాను. అంతకంటే గొప్ప సాయం చేయడం నాకు రాదు.

ఆవిడ అర్జీ రాయించుకుని తర్వాతి కౌన్సిల్ సమావేశానికి వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. నన్ను కూడా ఆ రోజు రాయడానికి పిలిపించారు.

సమావేశం మొదలవుతూనే మస్తాన్ గారు లేచి మురుగు కాలువల గురించి అందుకున్నారు. పిచ్చేశ్వర్రావు గారు అలవాటు కొద్దీ అడ్డం రాబోయారు. మస్తాన్ గారు వేలెత్తారు.

"కౌన్సిల్ హాలు నివాస మండలంలో ఉంది. నా మాట ఇంకా పూర్తి కాలేదు. మాట కలిపితే పదవి పోద్ది. ఆ వాక్యం తమరిదే."

పిచ్చేశ్వర్రావు గారు తెరిచిన నోరు తెరిచినట్టే కూర్చున్నారు. మస్తాన్ గారు కాలువల గురించి హాయిగా మాట్లాడారు. ఆయన జీవితంలో అడ్డం లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి, మొహంలో ఒక వెలుగు వచ్చింది. మాట్లాడి మాట్లాడి గొంతెండిపోయింది. "ఇంకా ఉంది," అని చెప్పి, జేబులోంచి చేతిరుమాలు తీసి, బస్సులో సీటు ఆపినట్టు మైకు మీద వేసి, టీ తాగడానికి బయటికి వెళ్లారు.

మా వైపు మనుషులు దేన్నైనా ధిక్కరిస్తారు గానీ సీటు మీద వేసిన రుమాలుని ధిక్కరించరు. అది ఎవరిదో తెలియకపోయినా, వాడు బస్సు కదిలేదాకా రాకపోయినా, పక్కన నిలబడే ప్రయాణం చేస్తారు. హాలంతా ఆ రుమాలు వైపు చూస్తూ కూర్చుంది. చైర్మన్ గారు సమావేశం వాయిదా అని చెప్పాలన్నా మాట కలపాలి. కమిషనర్ గారు నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిప్పి, చివరికి ఒక చీటీ రాసి అందరికీ తిప్పారు. "రుమాలు ఉన్నంతవరకు మాట కొనసాగుచున్నట్లే భావించవలెను." తను రాసిన నిర్వచనంలో తప్పుందని ఒప్పుకోవడం కన్నా ఆయనకి అదే సులువనిపించింది.

మస్తాన్ గారు ఇంటికి వెళ్లి భోజనం చేశారు. కునుకు కూడా తీశారని తర్వాత తెలిసింది. మేమంతా పస్తులతో రుమాలుకి కాపలా ఉన్నాం. ఎండ దిగాక ఆయన తిరిగొచ్చి, "కాలువల విషయానికొస్తే," అన్నారు.

అప్పుడు వెనక బల్ల వైపు చూశాను. తిరపతమ్మ ఆ రుమాలు వైపు ఒకసారి చూసి, అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా వీధిలో ఆ గొంతు మళ్లీ వినిపించింది. "పిచ్చేశ్వర్రావు గారో, మీ మెట్ల సంగతి ఒక మాట చెప్పాల. చెప్తా. ఇంకా ఉంది." అంతే. జాకెట్టు గుడ్డ ముక్క ఒకటి కిటికీ ఊచకి కట్టి, ఆవిడ లోపలికి వెళ్లి మిషను ముందు కూర్చుంది. మెట్లు అప్పటికే కిటికీకి అడ్డం లేచాయి, వెలుతురు లేదు కాబట్టి కుట్టలేదు. ఊరికే కూర్చుంది.

పిచ్చేశ్వర్రావు గారు బయటికి వచ్చి నోరు తెరిచారు. వీధిలో నేను ఉన్నాను. ఉద్యోగధర్మం కాబట్టి వేలెత్తి గుడ్డ ముక్క చూపించాను. కౌన్సిల్ హాల్లో చెల్లిన రుమాలు వీధిలో చెల్లకుండా పోదు, పైగా చీటీ మీద కమిషనర్ గారి సంతకం ఉంది. ఆయన నోరు మూసుకున్నారు.

ఏసుపాదం ఇటుక పట్టుకుని యజమాని వైపు చూశాడు. ఎటు తిప్పాలని అడగడానికి లేదు. ఇలా తిప్పమని చెప్పడానికి లేదు. పిచ్చేశ్వర్రావు గారు చేత్తో పైకి చూపించారు. మేస్త్రి పైకి కట్టాడు. అలా కాదని చెయ్యి అడ్డంగా ఊపారు. మేస్త్రి అడ్డంగా తిప్పాడు. నీ మొహం అన్నట్టు చెయ్యి కిందకి విసిరారు. మేస్త్రి కిందకి కట్టడం మొదలుపెట్టాడు. పొద్దుగూకేసరికి ఆ మెట్లు సందులో ఒక వైపు ఎక్కి, మేడని తాకకుండానే తిరిగి, ఇంకో వైపు సందులోకే దిగాయి. కట్టుబడి మాత్రం చాలా గట్టిగా ఉంది.

తిరపతమ్మ గొంతు వినపడే దూరం ఎంతో తేల్చడానికి కమిషనర్ గారు ఒక కమిటీ వేశారు. కూరగాయల మార్కెట్ దాకా అని కమిటీ తేల్చింది. ఆ హద్దు లోపల మాట కలపడం నిషేధం. వంకాయలావిడ కాయలెత్తి చూపించి అమ్మింది. బడిపిల్లలు ఎక్కాలు మనసులో చదువుకున్నారు, మేష్టారు మనసులో తప్పులు దిద్దారు. బస్సు కండక్టరు రైటు చెప్పలేక బస్సు అక్కడే ఉండిపోయింది.

మాట్లాడే వీలు లేని జనానికి ఏం పని ఉంటుంది? ఒక్కొక్కరే వచ్చి పిచ్చేశ్వర్రావు గారి ఎదురు అరుగుల మీద కూర్చున్నారు. ఇదివరకు పళ్లు తోముకున్నంతసేపే చూసేవారు. ఇప్పుడు రోజంతా చూశారు. కొందరు అన్నం క్యారేజీలు తెచ్చుకుని తింటూ చూశారు. కోపంగా కూడా కాదు, బస్సు కోసం చూసినట్టు చూశారు. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఎంతసేపని పట్టుకుంటారు, చేతులు లాగుతాయి. మేడ మీదికి పోదామంటే నిచ్చెన అందరి ఎదురుగా ఎక్కాలి.

సరిగ్గా అప్పుడు పరిశీలక బృందం దిగింది.

వాళ్లు చాలా ఊళ్లు చూశారట గానీ ఇలాంటి ఊరు చూడలేదట. బజారు నిండా జనం, చప్పుడు లేదు. కమిషనర్ గారు చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్లను మునివేళ్ల మీద నడిపించారు. ఎలా సాధించారని బృందం నాయకుడు చేత్తో అడిగాడు. కమిషనర్ గారు వినయంగా గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. వెనకే చైర్మన్ గారు తన గుండె మీద కూడా చెయ్యి పెట్టుకున్నారు. అలా మా వీధిలోకి వచ్చారు.

నాయకుడికి ముందుగా మెట్లు కనిపించాయి. ఆయన వాటిని ఎక్కాడు. అవతలి వైపు దిగాడు. దిగి, చుట్టూ చూసి, మళ్లీ ఎక్కి ఇటు దిగాడు. పిచ్చేశ్వర్రావు గారి ముందుకి వచ్చి, రెండు చేతులూ విప్పి, ఇదేమిటన్నట్టు చూశాడు. అరుగుల మీద వీధి అంతా తలలు కొంచెం ముందుకు వంచింది.

పిచ్చేశ్వర్రావు గారి పెదాలు కాసేపు ఊరికే ఆడాయి. తర్వాత ఆగలేకపోయారు.

"ఏం చూస్తారండీ, మెట్లే. నా మెట్లే. మేడ కట్టా, మెట్లు మర్చిపోయా, సిద్ధాంతి ఇంట్లో ఏడా వద్దన్నాడు, సందులో కట్టా. సందు నాది కాదు, మున్సిపాలిటీదే, నాకు తెలుసు. ఆవిడ కిటికీ మూసుకుపోద్దనీ తెలుసు. ఆవిడ నోటికి భయపడే ఈ రూలు తెచ్చా. మీ కప్పు నాకెందుకండీ, నన్ను చూడటం ఆపమనండి వీళ్లని. నేను పైకి పోయి పడుకోవాల."

కమిషనర్ గారు ఆయన్ని ఆపుదామని ముందుకొచ్చి, మాట కలిపితే తగాదా అవుతుందని గుర్తొచ్చి వెనక్కి తగ్గారు. కాబట్టి ఆ మాటలు మొత్తం, మొదటి నుంచి చివరి దాకా, ఎవరూ అడ్డం రాకుండా ఊరు విన్నది. మా ఊళ్లో ఒక కౌన్సిలరు మాట పూర్తికావడం అదే మొదలు, అది నిజం కావడం కూడా. పదవి పోయిందని ఆయనకి కాస్త ఆలస్యంగా తట్టింది. మస్తాన్ గారు దూరం నుంచి నమస్కారం పెట్టారు.

ఆయన మాట అయిపోయినా ఎవరూ కదల్లేదు. కిటికీ ఊచకి గుడ్డ ముక్క అలాగే ఉంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"కొట్టెయ్ రా ఏసుపాదం," అన్నారు చివరికి, చాలా నీరసంగా.

ఏసుపాదం తను కట్టినదాన్ని తనే కొట్టాడు. గట్టిగా కట్టాడు కాబట్టి చాలాసేపు పట్టింది. బృందం వాళ్లు కూడా అరుగు మీద సర్దుకుని కూర్చుని చూశారు. ఇటుకలు పక్కకు పడుతున్నకొద్దీ ఎండ సందులోకి దిగి, కిటికీ ఎక్కి, లోపల మిషను మీద పడింది. తిరపతమ్మ సూది దగ్గరికి వంగి దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. సగంలో ఉన్న జాకెట్టు తీసి ఒక వరస కుట్టి, కుట్టు సరిగా పడిందో లేదో వెలుతురులోకి ఎత్తి చూసుకుంది. ఆ కుట్టు చూడటానికి నేను రెండడుగులు ముందుకి వేశాను. అది ఉద్యోగధర్మానికి సంబంధించినది కాదు.

ఊరంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది. బృందం నాయకుడు కలం తీశాడు, మార్కులు వేయబోతున్నాడు.

తిరపతమ్మ లేచి ఊచకి కట్టిన గుడ్డ ముక్క విప్పుకుంది. కిటికీలోంచి బయటికి చూసి, "అయిపోయింది," అంది.

వీధంతా ఒక్కసారే మాట్లాడింది. వంకాయలావిడ ధర చెప్పింది, కండక్టరు రైటన్నాడు, బడిలో ఎక్కాలు పెద్దగా మొదలయ్యాయి. చైర్మన్ గారు శిలాఫలకం సంగతి మళ్లీ ఎత్తారు. మస్తాన్ గారు కాలువల విషయానికొస్తే అన్నారు, ఎవరూ రానివ్వలేదు. నాయకుడు చెవులు మూసుకుని కమిషనర్ గారిని ఏదో అడిగాడు, కమిషనర్ గారు అది పూర్తికాకముందే ఏదో చెప్పారు. నేను తిరపతమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పాను. ఆవిడ మధ్యలోనే అందుకుంది, ఏమందో నాకు వినపడలేదు, నేనేమన్నానో ఆవిడకీ వినపడలేదు. ఇద్దరం చాలాసేపు అలాగే మాట్లాడుకున్నాం.